ప్రోటీన్ ఏ కాలమ్‌లో యాంటీబాడీ ఆగట్లేదు, అంతా ఫ్లో త్రూలోకే పోతోంది

కల్చర్‌రూమ్_మూడు:

అందరికీ నమస్తే. పీహెచ్‌డీ రెండో ఏడాది, హైదరాబాద్. మా ల్యాబ్‌లో ప్యూరిఫికేషన్ తెలిసినవాళ్లు ఇప్పుడు ఎవరూ లేరు, ఉన్న ఒక్క సీనియర్ పోస్ట్‌డాక్‌కి వెళ్లిపోయారు, అందుకే ఇక్కడ అడుగుతున్నా.

మా దగ్గర మౌస్ హైబ్రిడోమా క్లోన్ (ఒకే రకం యాంటీబాడీ తయారుచేసే కణాలు) ఒకటి ఉంది, వేరే ల్యాబ్ వాళ్లు ఇచ్చింది. ఆర్‌పీఎంఐ ప్లస్ 10 శాతం ఎఫ్‌బీఎస్‌లో పెంచి 200 ఎంఎల్ సూపర్నేటెంట్ (కణాలు వదిలిన యాంటీబాడీ ఉండే మీడియా) తీశా, సెంట్రిఫ్యూజ్ చేసి 0.45 ఫిల్టర్ వేసి, 1 ఎంఎల్ ప్రోటీన్ ఏ అగరోస్ గ్రావిటీ కాలమ్ (యాంటీబాడీని పట్టుకునే ప్రోటీన్ అతికించిన పూసల గొట్టం) మీద పోశా. ముందూ వెనకా పీబీఎస్ బఫర్, పీహెచ్ 7.4. ఎల్యూషన్ (అంటుకున్నదాన్ని కిందకి దించడం) 0.1 మోలార్ గ్లైసిన్ పీహెచ్ 2.8, కింద ట్యూబుల్లో ముందే ట్రిస్ పెట్టి న్యూట్రలైజ్ చేశా. అంటే కిట్ పేపర్‌లో ఎలా ఉందో అలాగే.

రిజల్ట్ ఏంటంటే ఎలైసాలో (యాంటీబాడీ ఎంతుందో చూసే పరీక్ష) సూపర్నేటెంట్ సిగ్నల్ ఎంతుందో ఫ్లో త్రూ (అంటుకోకుండా కిందకి పోయింది) సిగ్నల్ కూడా ఇంచుమించు అంతే ఉంది, ఎల్యూషన్‌లో దాదాపు ఏమీ లేదు. కానీ జెల్ మీద చూస్తే ఎల్యూషన్ లేన్‌లో 50 కిలోడాల్టన్ల దగ్గర ఒకటి, 25 దగ్గర ఒకటి సన్నగా బ్యాండ్లు కనిపిస్తున్నాయి. బ్యాండ్ ఉంది, సిగ్నల్ లేదు, ఇదే నాకు అర్థం కావట్లేదు. యాసిడ్‌కి యాంటీబాడీ చచ్చిపోయిందా? రెసిన్ (కాలమ్‌లో పూసలు) పాతది, ఎంతమంది వాడారో తెలీదు, అదే పోయిందా? కొత్తది కొనాలంటే ఇండెంట్ పెట్టాలి, అది వచ్చేసరికి ఎన్నాళ్లో. ఒక ఫ్రెండేమో ఇదంతా వదిలేసి అమ్మోనియం సల్ఫేట్ వేసి ప్రెసిపిటేట్ చేసెయ్ అంటోంది. చివరికి నాకు కావాల్సింది ఈ యాంటీబాడీకి హెచ్‌ఆర్‌పీ (సిగ్నల్ ఇచ్చే ఎంజైమ్) తగిలించి శాండ్‌విచ్ ఎలైసాలో వాడటం. ఎవరైనా దారి చూపించండి ప్లీజ్.

బఫర్_బాబాయ్:

అమ్మాయ్, ఇంత రాశావు గానీ అసలు ముక్క చెప్పలేదు. నీ క్లోన్ ఐసోటైప్, అంటే యాంటీబాడీ రకం ఏంటి? మౌస్ ఐజీజీ1 ఆ, 2ఏ ఆ, 2బీ ఆ, లేకపోతే ఖర్మకాలి ఐజీఎం ఆ? అది తెలీకుండా రెసిన్‌ని తిట్టి లాభం లేదు.

ప్రోటీన్ ఏ అంటే స్టాఫిలోకోకస్ ఆరియస్ తన గోడ మీద పెట్టుకునే ప్రోటీన్, మన యాంటీబాడీల నుంచి తప్పించుకోడానికి వాటిని ఎఫ్‌సీ వైపు నుంచి, అంటే తోక వైపు నుంచి పట్టుకుంటుంది, అందులో ఐజీజీని పట్టే డొమైన్లు 5 ఉంటాయి. ఆ బ్యాక్టీరియా ఏ జంతువు ఐజీజీని ఎంత గట్టిగా పడుతుందో ఆ లెక్కంతా నీ కాలమ్‌కి కూడా వస్తుంది. కుందేలు ఐజీజీ బ్రహ్మాండంగా పడుతుంది. మనిషి ఐజీజీల్లో 1, 2, 4 పడతాయి, 3 పడదు. ఎలకలో 2ఏ, 2బీ బాగా పడతాయి, 1 మాత్రం మామూలు పీబీఎస్‌లో చాలా బలహీనం. మేక, గొర్రె అంతంత మాత్రం. కోడిగుడ్డు ఐజీవై అసలు పట్టదు, దాన్ని ప్రోటీన్ ఏ మీద పోసి మూడ్రోజులు ఏడ్చినవాళ్లని చూశా. హైబ్రిడోమాల్లో ఎక్కువగా తగిలేది ఐజీజీ1 కాబట్టి నా పందెం దాని మీదే.

యాసిడ్‌కి చచ్చిపోయిందేమో అన్నావు చూడు, అది కాదు. చచ్చిపోవాలంటే ముందు కాలమ్‌కి అంటుకోవాలి కదా, ఫ్లో త్రూలో సిగ్నల్ మొత్తం ఉందంటే అసలు అంటుకోలేదనే. అయితే ఒక మెలిక ఉంది, నువ్వు రెండిటినీ డైల్యూట్ చెయ్యకుండా ఎలైసా వేశావా? అలా అయితే రెండూ సాచురేట్ అయిపోయి ఒకేలా కనిపిస్తాయి, సగం అంటుకున్నా నీకు తెలీదు. 1:10 నుంచి మొదలుపెట్టి కిందకి దించుకుంటూ పో, రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడితేనే అంటుకోలేదని అర్థం.

రెసిన్ బతికుందో లేదో చూడ్డానికి ఇండెంట్ అక్కర్లేదు. 100 మైక్రోలీటర్లు రెసిన్ చిన్న ట్యూబ్‌లోకి తీసుకో, ఏ కుందేలు సీరమో పీబీఎస్‌లో కలిపి అరగంట తిప్పు, కడుగు, గ్లైసిన్ వేసి తీసి జెల్ వెయ్యి. బ్యాండ్లు లావుగా వస్తే రెసిన్ భేషుగ్గా ఉన్నట్టే. అసలు కాలమ్ మీద మాత్రం కుందేలు సీరం పొయ్యకు, తర్వాత నీ మౌస్ యాంటీబాడీలో కుందేలు కలిసిందంటే ఎలైసాలో చుక్కలు చూస్తావు.

కల్చర్‌రూమ్_మూడు:

థ్యాంక్యూ బాబాయ్ గారూ. క్లోన్ ఇచ్చిన వాళ్లకి మెయిల్ పెట్టి అడిగా, ఐజీజీ1 కప్పా అట. మీ పందెం గెలిచింది. ఎలైసా డైల్యూషన్లు రేపు వేస్తా. మరి ఆ ఎల్యూషన్‌లో బ్యాండ్లు ఎవరివి?

శామీర్‌పేట్_డౌన్‌స్ట్రీమ్:

ఆ బ్యాండ్లు ఆవువి అక్కా. 10 శాతం ఎఫ్‌బీఎస్ వేసినవ్ కదా, అది దూడ సీరం, అందుల బోవైన్ ఐజీజీ ఉంటది, దూడ పుట్టకముందు తీసిందే కాబట్టి పెద్ద ఆవు సీరం అంత ఉండదు గానీ ఉంటది. హైబ్రిడోమా ఎంత చచ్చీ చెడీ ఎంఎల్‌కి పదుల మైక్రోగ్రాములు ఇస్తది, సీరం నుంచి వచ్చే ఐజీజీ దానితోని పోటీ పడొచ్చు. యాంటీబాడీల హెవీ చైన్ 50, లైట్ చైన్ 25 ఆవుకైనా ఎలకకైనా ఒక్కటే, జెల్ చూసి చెప్పలేవు. నీ ఎలైసాలో సెకండరీ (సిగ్నల్ ఇచ్చే రెండో యాంటీబాడీ) ఎలకదాన్ని పట్టే యాంటీ మౌస్ కాబట్టి ఆవుది కనపడదు. బ్యాండ్ ఉండి సిగ్నల్ లేదంటే గదే సంగతి.

నేను పనిచేసేది బయోసిమిలర్ల (యాంటీబాడీ మందుల్లాంటి వాటికి కాపీలు) కాడ, మాకు ప్రోటీన్ ఏ అంటే మొదటి మెట్టు, అది దాటకుంటే ఏదీ ముందుకు పోదు. కొత్తగ చేరే పిల్లలు అందరూ ఒక్కటే అడుగుతరు, యాంటీబాడీ మందులైన ట్రాస్టుజుమాబ్ ఐజీజీ1, బెవాసిజుమాబ్ ఐజీజీ1, అన్నీ మంచిగ బైండ్ అయితయి, మరి కాలేజీల చేసిన ఐజీజీ1 ఎందుకు కాలేదని. అది మనిషి ఐజీజీ1, ఇది ఎలక ఐజీజీ1, నంబర్ ఒక్కటే గానీ తోక వేరు. రిటుక్సిమాబ్ చూడు, ముందు భాగం ఎలకది, ఎఫ్‌సీ మనిషిది, అందుకే ప్రోటీన్ ఏ మీద నిమ్మళంగ కూసుంటది. డాక్టర్ రెడ్డీస్ రెడిటక్స్ 2007ల తెచ్చింది ఆ మాలిక్యూలే. పైగా మాకు సీహెచ్‌ఓ సెల్స్ (హామ్‌స్టర్ కణాలు), మీడియాల సీరం ఉండదు, ఆవు గొడవే లేదు. కాలమ్ నుంచి దిగినాక తక్కువ పీహెచ్‌ల, 3.5 చుట్టుపక్కల, ఒక గంట అట్లనే ఉంచుతం, వైరస్ ఏదన్న ఉంటే చావాలని. అంటే నువ్వు భయపడే ఆ యాసిడ్‌ల మా యాంటీబాడీలు గంట సేపు నానుతయి, చాలా వాటికి ఏం కాదు. కొన్నిటికి గడ్డ కడతది, అది వేరే కథ.

ఇప్పుడు నీ పని. కొత్త రెసిన్ కొనకుంట ఉన్నదాంతోనే చెయ్యొచ్చు. బైండింగ్ బఫర్ మార్చు: 1.5 మోలార్ గ్లైసిన్, 3 మోలార్ సోడియం క్లోరైడ్, పీహెచ్ 8.9. లీటరుకి గ్లైసిన్ 113 గ్రాముల దాకా, ఉప్పు 175 గ్రాములు. ఈ పట్టు చానా వరకు హైడ్రోఫోబిక్, ఉప్పు ఎక్కువైతే అది గట్టిపడతది. ఇంక పట్టుకునే చోట హిస్టిడిన్లు ఉంటయి, పీహెచ్ తగ్గితే వాటికి చార్జ్ వచ్చి ఒకదాన్నొకటి తోసుకుంటయి, పీహెచ్ పెంచితే ఆ లొల్లి ఉండదు. గ్లైసిన్ పీహెచ్ 2.8ల యాంటీబాడీ ఎందుకు దిగుతదో దానికి కూడ కారణం ఇదే.

సూపర్నేటెంట్‌ల కూడ ఉప్పు కలపాలె, 200 ఎంఎల్‌కి 35 గ్రాములు, మెల్లగ కలుపుకుంట వెయ్, పీహెచ్ 8.9కి తెచ్చి మళ్ల ఫిల్టర్ చెయ్, ఉప్పు వేసినాక ఏదో ఒకటి ముద్దలు పడతది, అది కాలమ్ మీదికి పోతే పైనంత అట్ట కట్టి చుక్క దిగదు. ముఖ్యమైంది ఇంకోటి, వాష్ కూడ ఇదే ఉప్పు బఫర్‌తోనే. చానామంది లోడింగ్ వరకు అన్నీ సక్కగ చేసి అలవాటుల పీబీఎస్‌తోని కడుగుతరు. మౌస్ ఐజీజీ1 ప్రోటీన్ ఏ మీద ఉండేది బస్సు ఫుట్‌బోర్డ్ మీద ఒంటిచేత్తో వేలాడినట్టు, పీబీఎస్ తగిలితే దిగిపోతది, వాష్‌ల పోయిందాన్ని ఎల్యూషన్‌ల ఎతుకుతరు.

దిగేటప్పుడు కూడ 2.8 అవసరం లేదు. ముందు పీహెచ్ 6 సిట్రేట్ బఫర్ వెయ్, ఉప్పు లేకుండ. ఐజీజీ1 అక్కడ్నే దిగుతది. 2ఏ అయితే 4.5 దగ్గర, 2బీ అయితే 3.5 దాకా పోవాలె. మౌస్ సీరం నుంచి సబ్‌క్లాసులు విడదీసేందుకు 1970ల చివర్లనే ఈ పద్ధతి వాడిన్రు, కొత్తదేం కాదు. 6 అయినాక 3 వేసి మిగిలింది కూడ తీసి వేరే ట్యూబ్‌ల పెట్టుకో, పారెయ్యకు.

మ్యూనిక్_మబ్బులు:

శామీర్‌పేట్ గారు చెప్పిన ఉప్పు పద్ధతి పనిచేస్తుంది, కాదనను, కానీ అంత ఉప్పు, అంత గ్లైసిన్, మళ్లీ వాటిని తీసెయ్యడానికి పొర సంచిలో డయాలిసిస్, దీనికంటే ప్రోటీన్ జీ కొనేస్తే సరిపోతుంది కదా? మేం ఇక్కడ మౌస్ ఐజీజీ1 అనగానే కళ్లు మూసుకుని ప్రోటీన్ జీ తీస్తాం. స్ట్రెప్టోకోకస్ నుంచి వచ్చింది, మౌస్ ఐజీజీ1 మామూలు పీబీఎస్‌లోనే గట్టిగా అంటుకుంటుంది, మేక, గొర్రె కూడా ఓకే. ఒరిజినల్ ప్రోటీన్ జీకి ఆల్బుమిన్‌ని పట్టే భాగం కూడా ఉండేది, ఇప్పుడు అమ్మే రీకాంబినెంట్ రకాల్లో అది తీసేశారు కాబట్టి సీరం ఆల్బుమిన్ బెడద లేదు.

బఫర్_బాబాయ్:

మబ్బులూ, నువ్వు చెప్పింది సగం నిజం నాయనా. ప్రోటీన్ జీ మౌస్ ఐజీజీ1 ని ఎంత బాగా పడుతుందో ఆవు ఐజీజీని అంతకంటే బాగా పడుతుంది. ఆ పిల్ల సూపర్నేటెంట్‌లో 10 శాతం ఎఫ్‌బీఎస్ ఉంది. ప్రోటీన్ జీ మీద పోస్తే దిగేది ఎలకా ఆవూ కలిసిన పులుసు, జెల్ మీద చూస్తే పాలరాయిలా ప్యూర్‌గా ఉంటుంది, ఓడీ (కాంతి ఎంత పీల్చుకుందో) చూసి ఎంఎల్‌కి ఇన్ని మిల్లీగ్రాములని రాసుకుంటుంది, అందులో సగం ఆవుది. తర్వాత దానికి హెచ్‌ఆర్‌పీ తగిలిస్తే సగం హెచ్‌ఆర్‌పీ ఆవుకే పోతుంది. ఇంకో సంగతి, ప్రోటీన్ జీ నుంచి దించాలంటే పీహెచ్ ఇంకా కిందకి, 2.5 నుంచి 2.8 దాకా పోవాలి, ప్రోటీన్ ఏ మీదైతే 6 లోనే దిగే యాంటీబాడీని పట్టుకుని యాసిడ్‌లో ముంచడం ఎందుకు?

మ్యూనిక్_మబ్బులు:

ఆవు సంగతి ఒప్పుకుంటున్నా, మేం సీరం లేని మీడియాలో పెంచుతాం కాబట్టి నాకు ఆ ఆలోచన రాలేదు. అయితే అసలు రోగం సీరంలోనే ఉంది, మందు అక్కడే వెయ్యాలి. లో ఐజీజీ ఎఫ్‌బీఎస్ అని అమ్ముతారు, ముందే ప్రోటీన్ జీ మీద పోసి ఐజీజీ తీసేసిన సీరం అది. లేదంటే సెల్స్‌ని 10 నుంచి 5, 5 నుంచి 2.5 అలా వారం వారం దించుకుంటూ సీరం ఫ్రీకి అలవాటు చెయ్యాలి, కొన్ని క్లోన్లు మొరాయిస్తాయి, యాంటీబాడీ ఇవ్వడం మానేస్తాయి, కాబట్టి ముందు కొన్ని వయల్స్ ఫ్రీజ్ చేసి పెట్టుకోండి.

క్లోన్ కప్పా అన్నారు కదా, ప్రోటీన్ ఎల్ అని ఇంకోటి ఉంది, అది తోకని కాదు, కప్పా లైట్ చైన్‌ని పట్టుకుంటుంది, ఆవు ఐజీజీని పట్టదు. వినడానికి మీకోసమే చేసినట్టుంటుంది గానీ కప్పాలో కూడా అన్ని రకాలూ పడవు, కొన్ని ఫ్యామిలీలే పడతాయి, కాబట్టి కొనేముందు ఎవరి దగ్గరైనా కొంచెం అడిగి తెచ్చి చిన్న ట్యూబ్‌లో ట్రై చెయ్యండి.

ఇవేవీ కాకుండా నాకు అన్నిటికంటే ఇష్టమైన దారి ఒకటి, మీ దగ్గర యాంటిజెన్ కొన్ని మిల్లీగ్రాములు ఉంటే దాన్నే అగరోస్‌కి అతికించి కాలమ్ చెయ్యండి. అప్పుడు ఆవు ఐజీజీ, ఆల్బుమిన్ అన్నీ జారిపోతాయి, మీ యాంటీబాడీ ఒక్కటే ఆగుతుంది, అది కూడా యాంటిజెన్‌ని గుర్తుపట్టే స్థితిలో ఉన్నది మాత్రమే. 1967లో అక్సెన్, పొరాత్ వాళ్లు సయానోజెన్ బ్రోమైడ్‌తో అగరోస్‌ని యాక్టివేట్ చేసి ప్రోటీన్లు అతికించే పద్ధతి చెప్పారు, మరుసటి ఏడాది 1968లో క్వాట్రెకాసాస్, విల్చెక్, ఆన్‌ఫిన్‌సెన్ దాంతో స్టాఫిలోకోకల్ న్యూక్లియేజ్‌ని ఒకే దెబ్బలో ప్యూరిఫై చేసి ఈ పద్ధతికి అఫినిటీ క్రోమటోగ్రఫీ అని పేరు పెట్టారు. ప్రోటీన్ ఏ కాలమ్‌లన్నీ తర్వాత వచ్చినవే. ఇప్పుడు సయానోజెన్ బ్రోమైడ్ మనం ముట్టుకోనక్కర్లేదు, యాక్టివేట్ చేసిన రెసిన్ రెడీమేడ్‌గా దొరుకుతుంది, ఎన్‌హెచ్‌ఎస్ రకం అయితే ఇంకా తేలిక. ఒక్క జాగ్రత్త, యాంటిజెన్ ట్రిస్‌లో ఉంటే ముందు బైకార్బొనేట్‌లోకి మార్చండి, ట్రిస్‌కి కూడా అమీన్ ఉంటుంది, రెసిన్ మీద సీట్లన్నీ అదే ఆక్రమించేస్తుంది. అంతా అయ్యాక మిగిలిన సీట్లు మూయడానికి మాత్రం అదే ట్రిస్ కావాలని పోస్తాం.

గోదారి_గట్టు:

యాంటిజెన్ కాలమ్ అంటే గుర్తొచ్చింది, పాము విరుగుడు మందుల్లో ఇది నిజంగా వాడతారు. అమెరికాలో క్రోఫ్యాబ్ అని 2000లో అనుమతి వచ్చిన మందు ఉంది, గొర్రెలకి విషం ఎక్కించి, వాటి ఐజీజీని పపైన్ అనే ఎంజైమ్‌తో కోసి, విషం అతికించిన కాలమ్ మీద పోసి విషాన్ని పట్టే ముక్కల్నే తీసుకుంటారు. మన దగ్గర నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర నాలుగిటికీ కలిపి ఇచ్చేది గుర్రం సీరం నుంచి పెప్సిన్‌తో కోసి చేసేది, అందులో విషాన్ని పట్టేవి కొంత భాగమే, మిగతావి ఆ గుర్రం పుట్టినప్పట్నుంచి చూసిన ఇతర రోగాల మీద తయారైనవి. విషం కాలమ్ పెడితే డోసు తగ్గుతుంది గానీ ధర ఎక్కడికి పోతుందో అని నా అనుమానం, మండల ఆసుపత్రిలో ఉండాల్సిన మందు అది.

నేను డిగ్రీ కాలేజీలో చెప్తాను, మాకు ప్రోటీన్ ఏ కొనే స్తోమత లేదు. అయినా అఫినిటీ ప్రాక్టికల్ చేయిస్తా, ఎలాగంటే తమ్మకాయ గింజలతో. తమ్మ గింజల్లో కాంకనావలిన్ ఏ లాంటి లెక్టిన్ ఉంటుంది, అది గ్లూకోజ్, మానోజ్ చక్కెరల్ని పట్టుకుంటుంది. సెఫడెక్స్ జీ 50 అంటే డెక్స్‌ట్రాన్, అంటే అదీ గ్లూకోజ్ గొలుసే, కాబట్టి సైజ్ ప్రకారం విడదీయడానికి కొన్న సెఫడెక్సే ఇక్కడ అఫినిటీ రెసిన్ అయిపోతుంది, ఏమీ అతికించనక్కర్లేదు. గింజల పిండి 0.15 మోలార్ ఉప్పునీళ్లలో నానబెట్టి, వడగట్టి, సెంట్రిఫ్యూజ్ చేసి, కొంచెం కాల్షియం, మాంగనీస్ వేసి కాలమ్ మీద పోస్తే లెక్టిన్ ఆగుతుంది, కడిగాక 0.1 మోలార్ గ్లూకోజ్ పోస్తే దిగి వచ్చేస్తుంది. యాసిడ్ లేదు, పిల్లలకి కాంపిటిటివ్ ఎల్యూషన్ అంటే ఏంటో కళ్లముందు కనిపిస్తుంది. పని చేసిందో లేదో చూడ్డానికి కుందేలు రక్తకణాలతో అగ్లూటినేషన్ (కణాలు గుంపుగా అతుక్కోవడం), అది కూడా అదే పీరియడ్‌లో. అసలు ఈ ఐడియా ఎంత పాతదంటే 1910లోనే స్టార్కెన్‌స్టైన్ అనే ఆయన కరగని స్టార్చ్ మీదకి అమైలేజ్‌ని పట్టించాడు.

నికెల్_నాని:

హాయ్, నాదీ అఫినిటీనే కాబట్టి ఇక్కడే అడిగేస్తున్నా, హిస్ ట్యాగ్ (హిస్టిడిన్ల తోక) ప్రోటీన్, ఈ కోలై బీఎల్21, ఆ తోకని పట్టే నికెల్ ఎన్‌టీఏ రెసిన్. రెండు ప్రాబ్లమ్స్. ఒకటి నా ప్రోటీన్ 40 దగ్గర వస్తోంది కానీ దానితో పాటు 70 పైన ఒకటి, 25 దగ్గర ఒకటి ఎప్పుడూ వస్తున్నాయి. రెండు ఈసారి లైసేట్ పోయగానే నీలంగా ఉండే రెసిన్ తెల్లగా అయిపోయింది బ్రో, ప్రోటీన్ మొత్తం కిందకి పోయింది, ఏం జరిగిందో అర్థం కాలేదు

మ్యూనిక్_మబ్బులు:

వేరే త్రెడ్ తెరవాల్సింది నానీ, సరే చెప్తా. తెల్లబడిందంటే నికెల్ పోయింది. ప్రోటియేజ్ ఇన్‌హిబిటర్ టాబ్లెట్ వేశారా? ఈడీటీఏ ఉన్నది వేసుంటారు, ఈడీటీఏ నికెల్‌ని రెసిన్ నుంచి పీకేసి తీసుకుపోతుంది. ఈడీటీఏ లేని టాబ్లెట్ విడిగా దొరుకుతుంది, డబ్బా మీద చూసుకోండి. ఉన్న రెసిన్ పారెయ్యక్కర్లేదు, మిగిలిందంతా ఈడీటీఏతోనే పూర్తిగా తీసేసి, నీళ్లతో బాగా కడిగి, 0.1 మోలార్ నికెల్ సల్ఫేట్ పోస్తే మళ్లీ నీలం వస్తుంది. ఆ నికెల్ నీళ్లు సింక్‌లో పొయ్యకండి, హెవీ మెటల్ వేస్ట్ బాటిల్‌లోకి. తెలుపు కాకుండా గోధుమ రంగు వస్తే అది డీటీటీ పని, దానికి బదులు కొంచెం బీటా మెర్కాప్టోఇథనాల్ వాడుకోండి.

ఆ రెండు బ్యాండ్లు ఈ కోలై సొంత మనుషులు అయ్యుండొచ్చు, 70 పైన ఆర్న్‌ఏ, 25 దగ్గర స్లైడీ అనే ప్రోటీన్లు, ఇద్దరికీ ఒంటి మీద హిస్టిడిన్లు ఎక్కువ. లోడ్ చేసేటప్పుడే 20 మిల్లీమోలార్ ఇమిడజోల్ (నికెల్ కోసం హిస్టిడిన్లతో పోటీ పడేది) వెయ్యండి, వాష్‌లో 40 దాకా పెంచి చూడండి, అన్నిటికంటే ముఖ్యం రెసిన్ తగ్గించండి. 5 మిల్లీగ్రాముల ప్రోటీన్‌కి 3 ఎంఎల్ రెసిన్ పెడితే ఖాళీ సీట్లలో స్లైడీ వచ్చి కూర్చుంటుంది, రెసిన్ తక్కువుంటే మీ ప్రోటీనే దాన్ని తోసేస్తుంది. అప్పటికీ పోకపోతే కోబాల్ట్ రెసిన్, కాస్త తక్కువ పడుతుంది గానీ శుభ్రంగా ఇస్తుంది.

కల్చర్‌రూమ్_మూడు:

అప్‌డేట్ ఇస్తున్నా అందరికీ. ముందు ఎలైసా డైల్యూషన్లు వేశా, సూపర్నేటెంట్, ఫ్లో త్రూ గీతలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి, అంటే నిజంగానే అస్సలు ఆగలేదు. కుందేలు సీరం టెస్ట్‌లో బ్యాండ్లు ఇంత లావున వచ్చాయి, రెసిన్‌కి ఏ రోగమూ లేదు, పాపం అనవసరంగా అనుమానించాం.

తర్వాత శామీర్‌పేట్ అన్న చెప్పినట్టు ఉప్పు కలిపి పీహెచ్ 8.9లో లోడ్ చేసి, వాష్ కూడా దాంతోనే చేసి, పీహెచ్ 6 సిట్రేట్, తర్వాత పీహెచ్ 3 వేర్వేరుగా తీశా. పీహెచ్ 6 ఫ్రాక్షన్‌లో ఎలైసా సిగ్నల్ అదిరిపోయింది, ఫ్లో త్రూలో చాలా తక్కువ మిగిలింది. పీహెచ్ 3 దాంట్లో బ్యాండ్లు ఉన్నాయి, సిగ్నల్ మాత్రం కొంచెమే. ఉప్పు వేశాక ఫిల్టర్ మాత్రం నిజంగానే మూసుకుపోయింది, రెండు మార్చాల్సొచ్చింది.

ఇప్పుడు డౌట్లు: పీహెచ్ 6 ఫ్రాక్షన్ ఇక ప్యూర్ అనుకోవచ్చా? కాన్సెంట్రేషన్ ఎలా చూడాలి? హెచ్‌ఆర్‌పీకి నేరుగా వెళ్లిపోవచ్చా?

శామీర్‌పేట్_డౌన్‌స్ట్రీమ్:

మంచిగైంది అక్కా. కానీ ప్యూర్ అనకు ఇప్పుడే. ఆవు ఐజీజీల కూడ 1, 2 అని ఉంటయి, 2 ప్రోటీన్ ఏకి గట్టిగ పడతది, అది నీ పీహెచ్ 3 ట్యూబ్‌ల ఉంది. 1 బలహీనం, కానీ నువ్వు ఉప్పు పెంచినవ్ కదా, నీ ఎలకతోని పాటు అది కూడ ఎక్కి పీహెచ్ 6ల కొంచెం దిగొచ్చు. ఒక బ్లాట్ (జెల్ బ్యాండ్లను పొర మీదికి తెచ్చి యాంటీబాడీతో చూసే పరీక్ష) వేసి యాంటీ బోవైన్ సెకండరీతోని చూడు, ఎంతుందో తెలుస్తది. ఎక్కువుంటే ఈసారి కల్చర్‌కి లో ఐజీజీ సీరం వాడు, తక్కువుంటే ముందుకు పో, శాండ్‌విచ్ ఎలైసాకి కొంచెం ఆవు ఉంటే కొంప మునగదు.

కాన్సెంట్రేషన్ 280 నానోమీటర్ల కాంతి దగ్గర చూడు, ఐజీజీ ఎంఎల్‌కి 1 మిల్లీగ్రాము ఉంటే దగ్గర దగ్గర 1.4 వస్తది, బ్లాంక్ మాత్రం నీళ్లు కాదు, నీ ఎల్యూషన్ బఫరే పెట్టు.

బఫర్_బాబాయ్:

హెచ్‌ఆర్‌పీకి నేరుగా వెళ్లకు. పెరయోడేట్ పద్ధతి అయినా కిట్ అయినా నీ యాంటీబాడీ మీద అమీన్లకే అతుకుతుంది. కాలమ్ అంతా గ్లైసిన్‌తో నిండిపోయి ఉంది కాబట్టి మొదటి చుక్కల్లో అది కచ్చితంగా వస్తుంది, ఆ పీహెచ్ 3 ట్యూబుల్లో అయితే నువ్వు వేసిన ట్రిస్ కూడా ఉంది, రెండిటికీ అమీన్ ఉంది. హెచ్‌ఆర్‌పీ పోయి వాటికి తగులుకుంటే నీకు మిగిలేది శూన్యం. పీబీఎస్‌లోకి రెండు మార్లు డయాలిసిస్ చెయ్యి, రెండోసారి రాత్రంతా వదిలెయ్యి, పొద్దున్నే కాస్త మబ్బుగా కనిపిస్తే సెంట్రిఫ్యూజ్ చేసి పైది తీసుకుని మళ్లీ 280 చూడు. ఇంకోటి, పాడవకుండా ఉంటుందని ఎవరైనా సోడియం అజైడ్ వెయ్యమంటారు, వెయ్యకు. అజైడ్ హెచ్‌ఆర్‌పీ ఎంజైమ్‌ని ఆపేస్తుంది. చిన్న చిన్న ట్యూబుల్లో పంచి మైనస్ 20లో పెట్టుకో, ఒకే ట్యూబ్‌ని పదిసార్లు కరిగించి గడ్డ కట్టించకు.

మీ ఫ్రెండ్ అమ్మోనియం సల్ఫేట్ అంది కదా, అది ప్యూరిఫికేషన్‌గా కాదు గానీ ఈసారి లీటర్ల లెక్కన కల్చర్ పెడితే కాలమ్‌కి ముందు వాల్యూమ్ తగ్గించుకోడానికి పనికొస్తుంది, 50 శాతం దగ్గర ఐజీజీ కిందకి దిగుతుంది, ఆల్బుమిన్ చాలావరకు పైనే ఉండిపోతుంది.

కల్చర్‌రూమ్_మూడు:

డయాలిసిస్ ఈ రాత్రికే పెడుతున్నా. అజైడ్ బాటిల్ నిజంగానే బెంచ్ మీద రెడీగా పెట్టుకుని ఉన్నా బాబాయ్ గారూ, లోపల పెట్టేశా. రెసిన్ ఎలా దాచాలి? ఇంకా ఉప్పు బఫర్‌లోనే ఉంది.

బఫర్_బాబాయ్:

పీహెచ్ 3 బఫర్‌తో ఇంకోసారి బాగా కడుగు, లోపల ఏం అంటుకుని మిగిలినా పోతుంది. సోడియం హైడ్రాక్సైడ్‌తో శుభ్రం చెయ్యొచ్చని ఎక్కడో చదువుతావు, అది ఆల్కలీ తట్టుకునేలా మార్చిన ప్రోటీన్ ఏకి, శామీర్‌పేట్ వాళ్లు వాడేది, మీ పాత రెసిన్‌కి పోస్తే ప్రోటీన్ ఏ నాశనం అవుతుంది. తర్వాత నీళ్లతో ఉప్పంతా పోయేదాకా కడిగి 20 శాతం ఇథనాల్‌లో 4 డిగ్రీల దగ్గర పెట్టు. ఫ్రీజర్‌లో పెట్టకు, అగరోస్ పూసలు పగులుతాయి. మూత మీద మౌస్, తేదీ రాసి పెట్టు, రేపు ఎవరో వచ్చి అదే కాలమ్ మీద కుందేలు పోసేస్తారు.

నికెల్_నాని:

బ్రో టాబ్లెట్ డబ్బా చూశా, ఈడీటీఏ ఉన్నదే 😭 నికెల్ సల్ఫేట్ పక్క ల్యాబ్‌లో అడిగి తెచ్చా, రెసిన్ మళ్లీ నీలం అయింది. మ్యూనిక్ అన్నా థ్యాంక్స్. ఇమిడజోల్ వేశాక పీహెచ్ చూసుకోవాలా?

మ్యూనిక్_మబ్బులు:

కచ్చితంగా. ఇమిడజోల్ బేస్, 250 మిల్లీమోలార్ వేస్తే పీహెచ్ పైకి పోతుంది, వేశాక మళ్లీ 8కి తెచ్చుకోండి. అది 280 దగ్గర కొంచెం అబ్సార్బెన్స్ కూడా ఇస్తుంది, ఎల్యూషన్ బఫర్‌నే బ్లాంక్ పెట్టండి.